సైకిలు సీటు: సుఖాసనము

పాలు పోయువారు, పత్రికలు పంచువారు మొదలుగా దినదినము సైకిలు త్రొక్కువారిలో పలువురు, కూర్చొను చోట కలుగు నొప్పిని, తిమ్మిరిని సహజమని సహింతురు. అది పొరపాటు.

శరీరభారమును మోయవలసినవి పిరుదుల అడుగుననున్న రెండు ఎముకలు. సీటు వెనుకభాగము ఆ రెండును ఆనునంత వెడల్పుగా నుండవలెను. మిక్కిలి మెత్తని సీటు మేలనుకొనరాదు. ఎముకలు అందులో దిగబడి, వాటి మధ్యనున్న నరములు, రక్తనాళములు నొక్కుకొనును. తిమ్మిరికి ముఖ్యకారణ మిదియే.

సీటు మట్టముగా నుండవలెను. పెడలు అడుగునకు వచ్చినపుడు దానిపై మడమ నుంచినచో కాలు వంగక చాచుకొనవలెను. సీటు తగ్గిన మోకాళ్లు నొచ్చును. హెచ్చిన నడుము ఇటునటు ఊగి చర్మము ఒరసికొనును. దీనిని సవరించుటకు ఒక పానా, కొద్ది నిమిషముల ఓపిక చాలును.

సవరించినను తిమ్మిరి తగ్గకున్నను, పుండ్లు పడినను, సిగ్గుపడక వైద్యునికి చూపించుకొనుడు.