ఓడినా ఆశ చావని అయ్యోరు

భాకరాపేట దాటి తలకోన అడవి వైపు పోయే దారిలో ఒక పల్లె. చింతచెట్టు కింద టీ అంగడి. పొద్దున్నే పేపరు రాగానే ఊరివాళ్ళు మొదట చూసేది టమోటా ధర. ఆ తర్వాత రాజకీయం, సినిమా. ఒక్కరు మాత్రం పేపరును వెనకనుంచి తిప్పుతారు. ఆటల పేజీలోనూ క్రికెట్టును దాటుకుని, అడుగున ఏ మూలనో నాలుగు వరసల్లో పడి ఉండే హాకీ కబురు కోసం వెతుకుతారు. హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన పెద్దమనిషి ఆయన. ఊరంతా ఆయన్ని డ్రిల్లు అయ్యోరు అంటుంది.

అయ్యోరికి పురుషుల జట్టు మీద బెంగ లేదు. ఆ జట్టు 2021లో టోక్యోలోనూ, 2024లో ప్యారిస్‌లోనూ కాంస్యం తెచ్చింది. ఆయన బెంగంతా ఆడపిల్లల జట్టు మీదే.

"ఏం అయ్యోరా, మీ పిల్లోళ్ళు మళ్ళా ఓడిపోయినారంట గదా!"

2025 జూన్‌లో ఈ మాట ఆయన వినని రోజు లేదు. ప్రొ లీగ్ పోటీల కోసం ఐరోపాకు పోయిన మన మహిళల జట్టు అక్కడ ఎనిమిది ఆటలాడి ఒక్కటీ గెలవలేదు. తొమ్మిది దేశాల పట్టికలో అట్టడుగున నిలిచి ఆ లీగు నుంచే కిందికి జారింది. అయ్యోరు ఎవరికీ బదులు చెప్పలేదు. టీ తాగి, పేపరు మడిచి ఇచ్చి, ఇంటిదారి పట్టారు.

ఎక్కడో ఐరోపాలో ఓడిపోతే తలకోన కింద ఈయనకెందుకింత బాధ? కారణం ఉంది. అక్కడికి ఎంతో దూరంలో లేదు యనమలవారిపల్లె. ఎర్రావారిపాళెం మండలంలోని ఆ పల్లె నుంచి, వడ్రంగం చేసుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్ల రజని. ఇంటిపేరు ఇతిమరపు. ఆమె భారత జట్టు గోల్ కీపర్ అయింది. 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆమె ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన అయిదుగురి హాకీ ప్రపంచ కప్పులో మన జట్టుకు నాయకురాలు ఆమే. ఆ జట్టు ఫైనల్ దాకా పోయి నెదర్లాండ్స్ చేతిలో ఓడింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హాకీలో గోల్ కీపర్ బతుకు మిగతా పదిమంది బతుకులాంటిది కాదు. ఆటగత్తెలను ఆట నడుస్తుండగానే మార్చి మార్చి దించుతారు. గోల్ దగ్గర మాత్రం నిలిచేది ఒక్కరే. రజని కాలంలోనే హర్యానా పిల్ల సవిత ఉంది. ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న గోల్ కీపర్. ఇద్దరూ ఒకే ఈడు. అందుచేత రజని ఎన్నో ఆటలు గట్టు మీద కూర్చునే చూడవలసి వచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌కు కూడా అదనపు గోల్ కీపర్‌గానే పోయింది. పిలుపు వస్తే లేవాలి, రాకపోతే రేపటికి సిద్ధం కావాలి. ఏళ్ళ తరబడి అట్లా కాచుకుని ఉండడం గోల్ ఆపడంకన్నా కష్టమంటారు అయ్యోరు.

ఈ జట్టు కథే అంత. ఎక్కుతుంది, జారుతుంది. 1980లో మాస్కోలో ఆడవాళ్ళ హాకీని మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టినప్పుడు మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. రెండేళ్ళ తర్వాత ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆ తర్వాత ఒలింపిక్స్ ముఖం చూడడానికి 36 ఏళ్ళు పట్టింది. 2016లో రియోకు పోయి పన్నెండు జట్లలో పన్నెండోదిగా తిరిగి వచ్చారు. అప్పుడు కూడా టీ అంగట్లో ఇదే ఎగతాళి.

అందుకే 2021 ఆగస్టు 2వ తేదీని అయ్యోరు మరిచిపోలేరు. టోక్యోలో తొలి మూడు ఆటలూ ఓడిన జట్టు అది. ఆపైన ఐర్లండును ఒక గోలుతో, దక్షిణాఫ్రికాను 4-3తో గెలిచి ఎట్లాగో క్వార్టర్ ఫైనల్ చేరింది. దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా ఒక్కతే మూడు గోళ్ళు కొట్టింది. ఒలింపిక్స్‌లో మన ఆడపిల్ల ఎవరూ అంతకు ముందు ఆ పని చేయలేదు. ఎదురుగా ఆస్ట్రేలియా. పొద్దున ఎనిమిదిన్నరకు ఆట. 22వ నిమిషంలో పెనాల్టీ కార్నర్‌ను గుర్జీత్ కౌర్ గోలుగా మలచింది. మిగిలిన సమయమంతా ఆస్ట్రేలియా దాడి, సవిత అడ్డు. 1-0! ఆ రోజు అంగట్లో అందరికీ టీ డబ్బులు ఇచ్చింది అయ్యోరే. సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో 1-2, కాంస్యం ఆటలో బ్రిటన్ చేతిలో 3-4. రెండు గోళ్ళు వెనకబడి, మూడు కొట్టి ముందుకు పోయి, చివరకు ఓడారు. పతకం రాలేదు గాని, రియోలో కడపట నిలిచిన జట్టు అయిదేళ్ళకు నాలుగో స్థానానికి ఎక్కింది.

మళ్ళీ జారుడు రాంచీలో. 2024 జనవరిలో ప్యారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలు మన నేల మీదే జరిగాయి. మొదటి మూడు జట్లలో ఉంటే చాలు. సెమీస్‌లో జర్మనీతో 2-2. షూటౌట్‌లో ఓటమి. మూడో స్థానం కోసం జనవరి 19న జపాన్‌తో ఆట. జపాన్ మొదట్లోనే ఒక గోలు కొట్టింది. మనకు పెనాల్టీ కార్నర్లు ఒకదాని వెంట ఒకటి దొరికాయి. ఒక్కటీ గోలు కాలేదు. ప్యారిస్ తలుపు మూసుకుంది. కొన్నాళ్ళకే శిక్షకురాలు వెళ్ళిపోయింది. ఆ ఏడాది అక్టోబరులో రాణి రాంపాల్, 2025 ఏప్రిల్‌లో 320 ఆటలాడిన వందనా కటారియా ఆట మానుకున్నారు. పాత ఇల్లు విప్పి కొత్తగా కట్టుకునే పని అక్కడ మొదలైంది.

పెనాల్టీ కార్నర్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. అయ్యోరి దిగులంతా దాని చుట్టూనే. డీ లోపల ఎదుటివాళ్ళు తప్పు చేస్తే ఇది దొరుకుతుంది. గోల్ పక్కనున్న వెనక గీత మీదనుంచి ఒకరు బంతిని బయటికి తోస్తారు. డీ అంచున ఇంకొకరు దాన్ని ఆపుతారు. మూడోమనిషి వంగి, కర్ర మీద బంతిని ఈడ్చుకొచ్చి విసురుగా వదులుతుంది. దాన్నే డ్రాగ్ ఫ్లిక్ అంటారు. ఎదుట గోల్ కీపర్‌తో కలిపి కాచుకునేది అయిదుగురే. తోయడం, ఆపడం, విసరడం మూడూ కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోవాలి. తోసిన బంతి జానెడు పక్కకు పోయినా, ఆపిన బంతి కొంచెం ఎగిరినా పని చెడినట్టే. పెద్ద జట్ల ఆటల్లో గెలుపోటములు తేలేది చాలాసార్లు ఇక్కడే. గుర్జీత్ తర్వాత ఆ పని నమ్మకంగా చేసేదెవరు?

హర్యానా పిల్ల దీపిక చేస్తుందని అయ్యోరి ఆశ. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. 2024 నవంబరులో బీహారులోని రాజ్‌గిర్‌లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ జరిగింది. ప్యారిస్‌లో రజతం గెలిచిన చైనాను మనవాళ్ళు ఫైనల్లో 1-0తో ఓడించారు. ఆ గోలు దీపికదే. ఆ పోటీల్లో ఆమె మొత్తం 11 గోళ్ళు కొట్టింది. 2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ఒలింపిక్ విజేత నెదర్లాండ్స్‌ను షూటౌట్‌లో గెలిచారు. ఇంకేం, జట్టు నిలబడిందనుకున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఐరోపాలో పైన చెప్పిన భంగపాటు. సెప్టెంబరులో ఆసియా కప్పుకు సవిత, దీపిక ఇద్దరూ గాయాలతో దూరం. అయినా ఫైనల్ చేరి, చైనా చేతిలో 1-4తో ఓడారు. ఆ కప్పు గెలిచి ఉంటే 2026 ప్రపంచ కప్పులో నేరుగా చోటు దొరికేది. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదు. డిసెంబరులో శిక్షకుడు హరేంద్ర సింగ్ రాజీనామా చేశారు.

"కొత్త ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని మార్చుకుంటా పోతే గోడ లేస్తుందా?" అని అయ్యోరు మొదటిసారి గట్టిగా విసుక్కున్నది అప్పుడే.

కాని 2026 జనవరి మొదట్లో వచ్చిన కబురు ఆయన మొహం మార్చేసింది. టోక్యోలో జట్టును నాలుగో స్థానం దాకా నడిపిన డచ్చి శిక్షకుడు షోర్డ్ మరీన్‌ను మళ్ళీ పిలిపించారు. పాత మేస్త్రీయే తిరిగి వచ్చాడన్నమాట! అయితే ఆనాటి రాణి లేదు, వందన లేదు. ఉన్నది సలీమా టేటే నాయకత్వంలోని కొత్త నెత్తురు. సలీమాది జార్ఖండులోని సిమ్‌డేగా జిల్లా. అటువైపు, పక్కనున్న ఒడిశా సుందర్‌గఢ్ వైపు గిరిజన పల్లెల్లో హాకీ అంటే మన దగ్గర తిరునాళ్ళలో పందేల్లాంటిది. పిల్లలు వెదురుబొంగు, చెట్టుకొమ్మ వంచి కర్ర చేసుకుంటారు. గెలిచిన జట్టుకు బహుమతి మేకపోతు. ఊరంతా కోసుకుని తింటుంది. అక్కడినుంచే జట్టుకు పిల్లలు వస్తున్నారు.

అయ్యోరిని లోపల తొలిచే బాధ ఇదే. అక్కడ పల్లె మొత్తం ఆడుతుంది గనుక పదిమంది పోతే ఇరవైమంది వస్తారు. మన దగ్గర ఒక్క రజని వచ్చింది. రెండో రజని ఏది? 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ గడ్డి మీదనుంచి కృత్రిమ పచ్చిక మీదికి పోయింది. నీళ్ళు చల్లిన ఆ తివాచీ మీద బంతి జారుతూ బాణంలా పోతుంది. మన హైస్కూలు మట్టిలో గులకరాయి తగిలి మోకాలి మీదికి లేస్తుంది. మట్టిలో నేర్చిన కాలు పచ్చిక మీద మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. అదీ పదో తరగతి దాటాక ఆటలో ఉంటే కదా! ఆడపిల్లకు పదో తరగతి కాగానే కర్ర అటక ఎక్కుతుంది. అయ్యోరు ఉద్యోగంలో ఉండగా తన చేతిమీదుగానే ఎంతమంది మంచి పిల్లలు అట్లా ఆట మానుకున్నారో వేళ్ళు మడిచి లెక్క చెబుతారు. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది.

ఆయన ఇంట్లోనే ఆ లెక్క ఒకటి నడుస్తోంది. మనవరాలు ఎనిమిదో తరగతి. సాయంత్రం బళ్ళో హాకీ ఆడుతుంది. నిలిచేది గోల్ దగ్గరే. కీపర్ తొడుగులు కొనే స్తోమత బడికి లేదు. క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని, పాత బూట్లతో కాళ్ళు చాపి బంతి ఆపుతుంది. కొడుకు టమోటా రైతు. చెడ్డవాడేమీ కాదు, కూతురి ఆట చూసి మురిసిపోతాడు కూడా. కాని, "పదో తరగతి దాకానే నాయనా, ఆపైన చదువు" అని ఒకటికి రెండుసార్లు చెప్పేశాడు. అయ్యోరు వాదించలేదు. వాదించడానికి చేతిలో ఏముంది? రజని పేరు ఎత్తితే, "లక్షమందిలో ఒకరు నాయనా" అంటాడు. అదీ నిజమే.

ఇంతలో మరో కబురు. ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో ఒకదానికి హైదరాబాదును ఖాయం చేశారు. గచ్చిబౌలిలో, 2026 మార్చి 8 నుంచి 14 వరకు. రాంచీలో మూసుకున్న తలుపులాంటిదే ఈసారి తెలుగు నేల మీద తెరుచుకోబోతోంది. అయ్యోరు ఆ పేపరును చించి చొక్కా జేబులో పెట్టుకున్నారు. రాంచీలాగే ఇక్కడా ఓడితే తన కళ్ళతో చూడలేనని ఒక భయం. గెలిస్తే చూడలేకపోయానే అన్న బాధ మిగులుతుందని ఇంకో భయం.

"అయ్యోరా, పోతావా యేంది? ఓడిపోతే బస్సు చార్జీలు కూడా దండగే!" అన్నాడు అంగడాయన.

"పోతాను. ఒక్కణ్ణే కాదు" అన్నారు అయ్యోరు.

ఆ రాత్రి అన్నాలైనాక కొడుకు ముందు ఆ కాగితం పెట్టారు. మనవరాలు తలుపు పక్కన నిలబడి వింటోంది. కొడుకు కాగితం చదివి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాపకు పరీక్షలెప్పుడు?" అన్నాడు.

"ఏప్రిల్లో" అంది లోపలినుంచి మనవరాలు.

"తిరపతినుంచి రాను పోను రైలుకు ఎంతవుతుందో రేపు కనుక్కో నాయనా" అని కొడుకు చేయి కడుక్కోవడానికి లేచాడు.