రెండో మెట్టు మీద మన క్లబ్బు

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటిందంటే రెండు గుంపులు తయారవుతాయి. ఒకటి క్రికెట్ హైలైట్స్ చూసేది. ఇంకోటి మాంచెస్టర్ గొప్పా, మాడ్రిడ్ గొప్పా అని తెల్లారేదాకా కొట్లాడేది. ఆ రెండో గుంపులోని ఒకణ్ణి ఓ రోజు "హైదరాబాద్‌లో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్ ఒక్కటి చెప్పురా" అని అడిగా. వాడు ఫ్యాన్ వైపు చూశాడు. వాణ్ణి అని లాభం లేదు, రెండేళ్ళ కిందటిదాకా నా పరిస్థితీ అంతే. కోదాడలో పెరిగినోణ్ణి. మా బడి గ్రౌండ్లో వాలీబాల్ నెట్టు, కబడ్డీ కోర్టు, మిగిలిన జాగాలో క్రికెట్. ఫుట్‌బాల్ అంటే పీఈటీ సార్ బీరువాలో గాలి పోయి పడున్న బంతి.

అసలు క్లబ్బు పేరు శ్రీనిధి డెక్కన్. పేరు వినగానే మన ఎంసెట్ కౌన్సెలింగ్ రోజులు గుర్తొస్తాయి కదా? కరెక్టే, అదే శ్రీనిధి. ఇంజినీరింగ్ కాలేజీ నడిపే విద్యాసంస్థల వాళ్ళదే ఈ క్లబ్బు కూడా. వెబ్ ఆప్షన్లలో చూసిన పేరును పాయింట్స్ టేబుల్లో చూడటం నాకైతే భలే తమాషాగా అనిపించింది.

2015లో పిల్లలకు ఆట నేర్పే అకాడమీగా మొదలైంది. 2020లో ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్బుల్ని తీసుకోవడానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బిడ్లు పిలిస్తే రెండింటికి ఛాన్స్ దొరికింది. ఒకటి ఢిల్లీలోని సుదేవా, రెండోది శ్రీనిధి. ఇక్కడో ట్విస్టు ఉంది. శ్రీనిధికి అప్పుడు రాసిన ఊరు హైదరాబాద్ కాదు, విశాఖపట్నం. కాయితం మీద వైజాగ్ క్లబ్బుగా పుట్టి, తర్వాత హైదరాబాద్ శివారులో అజీజ్‌నగర్ దగ్గరి డెక్కన్ అరీనాలో స్థిరపడింది. అందుకని వైజాగ్ వాళ్ళు మా మీద అలగొచ్చు, తప్పులేదు.

మొదటి సీజన్ 2021-22. కరోనా వల్ల ఆ ఏడు లీగ్ అంతా బెంగాల్లోనే ఆడించారు, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. సొంతూళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే కొత్త జట్టు మూడో స్థానంలో నిలిచింది. 2022-23లో రెండోది. 2023-24లో మళ్ళీ రెండోది. కొలంబియా నుంచి వచ్చిన డేవిడ్ కాస్టనేడా అనే ఫార్వర్డ్ గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. పోర్చుగల్ నుంచి కూడా కోచ్‌లు వచ్చారు.

రెండు అంటే బాగానే ఉంది కదా అంటారేమో. బాగాలేదు. అప్పట్లో మన దేశంలో పై లీగ్ ఐఎస్ఎల్, దాని కింద మెట్టు ఐ-లీగ్. 2022-23 నుంచి ఐ-లీగ్ ఛాంపియన్‌కి పై లీగ్‌లో సీటు ఇవ్వడం మొదలైంది. ఛాంపియన్‌కి మాత్రమే. మొదటి ఏడు ఆ సీటు రౌండ్‌గ్లాస్ పంజాబ్ తీసుకుంది. రెండో ఏడు కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్ తీసుకుంది. రెండుసార్లూ వాళ్ళ వెనకాలే నిలబడి చూసింది శ్రీనిధి. సీట్లు ఒక ర్యాంకు దగ్గర ఆగిపోయి, మీది ఆ పక్క ర్యాంకు అయితే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదీ వరసగా రెండేళ్ళు. లాంగ్ టర్మ్ తీసుకుని రాసినా మళ్ళీ అదే ర్యాంకు.

ఆ తర్వాతి ఏడు, 2024-25లో, జట్టు పై వరసలో లేదు. ఆ సీజన్ కథ వేరే లెవెల్. ట్రోఫీ చర్చిల్ బ్రదర్స్ చేతికిచ్చారు, తర్వాత పంచాయితీ స్విట్జర్లాండ్‌లోని క్రీడల కోర్టుదాకా పోయి, జులైలో ఇంటర్ కాశీ ఛాంపియన్ అని తేలింది. ఆటలో కంటే ఫైళ్ళలో ఎక్కువ మలుపులు.

ఈ రెండో మెట్టు తిప్పలు మనకొక్కళ్ళకే కాదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే మెక్సికోలో 2020లో రెండో డివిజన్‌ని తీసేసి దాని స్థానంలో ఎక్స్‌పాన్షన్ లీగ్ అని పెట్టారు. ఆరేళ్ళపాటు పై లీగ్‌కి ప్రమోషన్ లేదన్నారు. అంటే నువ్వు అందర్నీ ఓడించి ఛాంపియన్ అయినా వచ్చే ఏడు మళ్ళీ అక్కడే. క్లబ్బులు ఆర్థికంగా నిలదొక్కుకోవాలని చెప్పిన కారణం. కారణం ఏదైనా, పైకెక్కే నిచ్చెన తీసేసిన ఆటకి జనాన్ని రప్పించడం ఎట్లా? ఇంకో అలవాటు కూడా ఉంది వాళ్ళకి, క్లబ్బుని ఊరు మార్చడం. నెకాక్సా అనే పాత క్లబ్బు 2003లో మెక్సికో సిటీ వదిలి అగ్వాస్కాలియెంటెస్‌కి పోయింది. 2020లో మొరేలియా ఊరి జట్టుని తీసుకెళ్ళి మసాట్లాన్‌లో పెట్టారు. మొరేలియా జనం ఆదివారం సాయంత్రాలు ఏం చేసుకోవాలో ఎవరూ అడగలేదు.

ఇది చదివినప్పుడు ఎక్కడో దూరపు దేశం సంగతిలే అనుకున్నా. తర్వాత మన ముంగిట్లోనే జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది, అది కూడా పుణె క్లబ్బు మూతపడితే ఆ ఖాళీలో. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. ఒకటి సున్నాతో వెనకబడ్డ మ్యాచ్‌లో 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనదే. రెండేళ్ళు తిరిగేసరికి డబ్బు కష్టాలు మొదలయ్యి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, 2023-24లో జట్టు లీగ్ అడుగున మిగిలింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పై మెట్టు మీదున్న జట్టు మూటాముల్లె సర్దుకుని పోతే, కింది మెట్టుమీదదే మనకు మిగిలింది.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఇంతకీ నేను ఈ వ్యాసం రాద్దామనుకున్నది అసలు ఈ ముక్క కోసమే. 1950ల్లో ఈ దేశంలో అందరూ భయపడిన జట్లలో ఒకటి హైదరాబాద్ సిటీ పోలీస్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచారు. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. వాళ్ళ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. చదివింది ఉస్మానియాలో, చేసింది బడి పంతులు ఉద్యోగం, పెంచింది ఆటగాళ్ళని. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఈయన పాత్రే.

రహీం సాబ్ పద్ధతులు చదువుతుంటే మన ల్యాబుల్లో కూడా ఇలాంటి సార్ ఒకరుంటే బాగుండేదనిపిస్తుంది. బంతిని కాళ్ళ దగ్గర దాచుకుని డ్రిబ్లింగ్ చేసే అలవాటు పోవాలని డ్రిబ్లింగే నిషేధించిన టోర్నమెంట్లు పెట్టేవాడు. వాటంలేని కాలితో మాత్రమే ఆడాలని ఇంకో టోర్నమెంటు. పొట్టివాళ్ళకి విడిగా ఒకటి. ఉపన్యాసం ఇవ్వడు, రూలు మారుస్తాడు. రూలు మారితే కాలు తనంతట తానే నేర్చుకుంటుంది. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించినప్పటికే ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు.

ఆయన తర్వాత ఊళ్ళో ఆట నిలబడలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే ఆఖరు. ఆటగాళ్ళు పుడుతూనే ఉన్నారు, కానీ డబ్బూ పేరూ కోల్‌కతాలో ఉన్నాయి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. మహమ్మద్ హబీబ్ అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977లో పీలే తన న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో మన హబీబ్ ఒకడు. ఆ మ్యాచ్ 2-2. బలరామ్, హబీబ్ ఇద్దరూ 2023లోనే కన్నుమూశారు. హబీబ్ పోయింది హైదరాబాద్‌లో, ఆగస్టు 15న. ఆ రోజు మా కాలేజీలో జెండా ఎగరేసి, మిఠాయి తిని, హాస్టల్‌కి పోయి పడుకున్నాం. నాకైతే అప్పటికి ఆ పేరు కూడా తెలీదు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

అందుకే శ్రీనిధి రెండుసార్లు అంచుదాకా వచ్చి ఆగిపోవడం నాకు మామూలు స్పోర్ట్స్ న్యూస్‌లా అనిపించలేదు. ఒక క్లబ్బు ఇక్కడే ఉండి, ఇక్కడే జీతాలిస్తే, రేపు మిర్యాలగూడ నుంచో సూర్యాపేట నుంచో బాగా ఆడే పిల్లాడు ఒకడు బయల్దేరితే, వాడు కోల్‌కతా రైలు ఎక్కక్కర్లేదు, హైదరాబాద్ బస్సెక్కితే చాలు. మూడు గంటల ప్రయాణం. రాత్రికి ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తినొచ్చు.

2024 డిసెంబర్లో సంతోష్ ట్రోఫీ ఆఖరి దశ హైదరాబాద్‌లోనే జరిగింది. మ్యాచ్‌లు కొన్ని డెక్కన్ అరీనాలో, ఫైనల్ 31న గచ్చిబౌలిలో. కేరళని 1-0తో ఓడించి బెంగాల్ కప్పు ఎత్తింది. మేం న్యూ ఇయర్ కేకు కోసం చందాలు పోగుచేస్తూ ఫోన్లో చూశాం. మాంచెస్టర్ గుంపు వాడే మొదట వచ్చి పక్కన కూర్చున్నాడు.

వెళ్ళి చూడాలనుకునేవాళ్ళకి దారి చెప్తా. మన దిక్కు నుంచి బస్సు దిగేది ఎల్బీ నగర్లో. అక్కడి నుంచి ఊరు దాటి మొయినాబాద్ రోడ్డు పట్టుకోవాలి, అజీజ్‌నగర్ ఆ రోడ్డు మీదే వస్తుంది. మ్యాచ్ ఉందో లేదో ముందే చూసుకోండి. దారి మరీ కొత్తేం కాదు, చిలుకూరు బాలాజీ గుడికి మళ్ళేదీ ఆ రోడ్డు మీదే. ఫైనలియర్ వాళ్ళు వీసా కోసం పదకొండు ప్రదక్షిణలకి ఎలాగూ పోతారు కాబట్టి, అదే రోజు మ్యాచ్ పడేలా ప్లాన్ చేసుకుంటే బస్సు ఛార్జీలు కలిసొస్తాయి.