పెద్ద గెలాక్సీల్లో కనిపించని బరువు

మన ప్రాంతంలో ఖగోళశాస్త్రం ఒక దానంతో మొదలైంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ఖర్చుతో ఫిసల్‌బండలో నక్షత్రశాల నెలకొల్పారు. అది దిల్‌సుఖ్‌నగర్‌కు పెద్ద దూరమేమీ కాదు. ఆయన మరణానంతరం, 1908లో, నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. నిజామియా నక్షత్రశాల శాస్త్రవేత్తలు లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి అంతర్జాతీయ ఆకాశ పట్టికకు అందించారు. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు మీదుగా వెళ్లే జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది.

ఇలాంటి ఓపికైన కొలతలే ఒక వింతను బయటపెట్టాయి. సూర్యుడికి దగ్గరున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు తిరిగితే, దూరాన ఉన్న నెప్ట్యూన్ 5 కిలోమీటర్లే తిరుగుతుంది. గెలాక్సీ అంచుల్లోనూ వేగం ఇలాగే తగ్గాలి. కానీ 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే వేగం దాదాపు తగ్గలేదు. అంటే కనిపించని బరువేదో పట్టి ఉంచుతోంది. అదే కృష్ణ పదార్థం. విశ్వంలో అది మామూలు పదార్థానికి సుమారు అయిదు రెట్లు.

అది పెద్ద గెలాక్సీల్లో ఎలా పోగవుతుంది? ముందు కృష్ణ పదార్థం ముద్దకడుతుంది. అందులోకి వాయువు జారి, చల్లబడి, నడిమికి చేరి నక్షత్రాలవుతుంది. అందుకే తొలినాళ్లలో వెలుగు భాగంలో మామూలు పదార్థానిదే పైచేయి. 1000 కోట్ల సంవత్సరాల క్రితం బయల్దేరిన వెలుగులో ఆరు పెద్ద గెలాక్సీలను రైన్‌హార్డ్ గెంజెల్ బృందం పరిశీలించింది. వాటి అంచుల్లో వేగం తగ్గుతోందని 2017లో ప్రకటించింది.

తర్వాత చిన్న గెలాక్సీలు ఒక్కొక్కటిగా తమ కృష్ణ పదార్థంతో సహా వచ్చి కలుస్తాయి. వాటి నక్షత్రాలు ఎక్కువగా అంచుల్లో స్థిరపడతాయి. గెలాక్సీ వెడల్పవుతుంది. కృష్ణ పదార్థం పాలు ఎక్కువుండే దూరాల దాకా వెలుగు పరుచుకుంటుంది. అలా కోట్ల సంవత్సరాల్లో దాని వాటా పెరుగుతుంది.

మన చందాలతో చదివే పిల్లల్లో ఎవరైనా ఖగోళశాస్త్రం చదువుతానంటే, ‘దానితో ఉద్యోగం వస్తుందా?’ అని వెనక్కి లాగకండి. జఫర్ జంగ్ కాలానికి కృష్ణ పదార్థం మాటే లేదు. అయినా ఆయన ఇచ్చిన సాధనాలతో తరాల పాటు ఇక్కడివారు ఆకాశాన్ని కొలవడం నేర్చుకున్నారు.