రోడ్డెక్కని కారుకు రెండో పుట్టుక

1974 అక్టోబరు చివర్లో ఇటలీలోని టురిన్ మోటార్ షోకు ఎవరూ ఊహించని ఒక కంపెనీ వచ్చింది. ఫియట్‌కు పుట్టినిల్లయిన ఆ ఊళ్లో, కార్ల తయారీలో కాకలుతీరిన వాళ్ల మధ్య, దక్షిణ కొరియా నుంచి వచ్చిన హ్యుందాయ్ రెండు కార్లు నిలబెట్టింది. ఒకటి పోనీ, మామూలు కుటుంబానికి పనికొచ్చే చిన్న కారు. రెండోది పోనీ కూపే. నేలను అంటుకున్నట్టుండే పదునైన ముక్కు, గుండ్రని హెడ్‌లైట్లు, వంపుల జోలికి పోని సూటి గీతలు. కంపెనీకి అప్పటికి వయసు ఏడేళ్లు. సొంతంగా రూపొందించిన కారు ఒక్కటీ ఇంకా అమ్మలేదు. 1968 నుంచి ఉల్సాన్‌లో ఫోర్డ్ కోర్టీనా కార్లను బిగించి అమ్ముకుంటూ వచ్చిన సంస్థ అది.

వ్యవస్థాపకుడు చుంగ్ జు-యంగ్‌కు ఇంకొకరి కారు బిగించడంతో తృప్తి లేదు. ఫోర్డ్‌తో పొత్తు ముందుకు సాగకపోవడంతో సొంత కారు చేద్దామన్నాడు. చేతిలో ఏమీ లేకపోతే ఎక్కడ బాగుంటే అక్కడి నుంచి తెచ్చుకోవాలి కదా. ఇంజిన్, గేర్‌బాక్స్ జపాన్‌లోని మిత్సుబిషి నుంచి వచ్చాయి. ఆ ఇంజిన్ 1238 సీసీది. ఉత్పత్తి వ్యవహారాలు నడపడానికి బ్రిటిష్ లేలాండ్‌లో పెద్ద పదవి చేసిన జార్జ్ టర్న్‌బుల్‌ను పిలిపించారు. ఒంటి రూపం గీసే పని టురిన్‌లోని ఇటాల్‌డిజైన్ అధిపతి జోర్జెట్టో జుజారో చేతికి వెళ్లింది. అప్పుడాయనకు 36 ఏళ్లు. ఆయన గీసిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆ ఏడాదే బజారులోకి వచ్చింది. మన రోడ్లూ ఆయన గీతను చూశాయి: 1990ల చివర్లో మన దేశంలో అమ్ముడైన దేవూ మాటిజ్ ఆయన సంస్థ డిజైనే.

పోనీ 1975 డిసెంబరులో ఉత్పత్తిలోకి వచ్చింది. మరుసటి ఏడాదే ఈక్వడార్‌కు ఎగుమతి అయింది. కొరియా సొంతంగా రూపొందించుకుని పెద్దయెత్తున తయారు చేసిన మొదటి కారుగా ఆ దేశ చరిత్రలో నిలిచింది. కూపే రాత మాత్రం వేరు. ఉత్తర అమెరికా, యూరప్ బజార్లను దృష్టిలో పెట్టుకుని దాన్ని తయారీ దాకా తెచ్చారు. ఈలోగా 1979లో రెండో చమురు సంక్షోభం వచ్చి ప్రపంచమంతా మాంద్యం కమ్ముకుంది. సరదా కోసం కొనే రెండు తలుపుల కారు మీద డబ్బు పెట్టే కాలం కాదది. 1981లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ తర్వాత అసలు కారూ పోయింది, దాని డ్రాయింగులూ పోయాయి.

గీత మాత్రం పోలేదు. అమెరికాలో జనరల్ మోటార్స్‌ను వదిలి సొంత కంపెనీ పెట్టుకున్న జాన్ డెలోరియన్‌కు అదే జుజారో ఒక స్పోర్ట్స్ కారు గీశాడు. స్టెయిన్‌లెస్ స్టీల్ ఒళ్లు, పైకి లేచే తలుపులు ఉన్న డీఎంసీ-12 అది. పోనీ కూపే కోసం వేసిన అడుగులు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. 1985లో వచ్చిన బ్యాక్ టు ద ఫ్యూచర్ సినిమాతో డెలోరియన్ ప్రపంచమంతటికీ తెలిసింది. దాని కన్నా ముందు పుట్టిన కొరియా కారు ఒకటుందని ఆ సినిమా చూసిన ఎందరికి తెలుసు?

పాత స్పోర్ట్స్ కార్ల రూపాన్ని తిరిగి తెచ్చే కాన్సెప్ట్ కార్లు ఈ పాతికేళ్లలో చాలా వచ్చాయి. 2006లో వాల్టర్ డి సిల్వా చేతిలో లంబోర్గినీ మ్యూరా మళ్లీ కళ్ల పండగగా కనిపించింది, ప్రదర్శనతోనే ఆగింది. ఫోర్డ్ 2002లో డెట్రాయిట్‌లో జీటీ40 రూపాన్ని మళ్లీ చూపించి 2004లో అమ్మకానికి తెచ్చింది. 40 అంగుళాల ఎత్తు వల్ల పాత కారుకు ఆ పేరు వచ్చింది. ఇప్పటి మనుషులు సుఖంగా కూర్చోవాలి, ఇప్పటి భద్రతా నిబంధనలు తట్టుకోవాలి కాబట్టి కొత్తది మరికొన్ని అంగుళాలు పెరిగింది. ఇలాంటి కార్లు ఏవి చూసినా నేను వెతికేది ఒక్కటే: ఆ పాత రూపం లోపల కొత్త పని ఏమైనా జరుగుతోందా? లేకపోతే అది ఇష్టంగా చేసిన బొమ్మ. ఆ కోణంలో చూస్తే 2022 జులైలో హ్యుందాయ్ బయటపెట్టిన ఎన్ విజన్ 74ను మించిన కారు నాకు కనిపించలేదు. పేరులోని 74 ఆ టురిన్ సంవత్సరమే.

దూరం నుంచి చూస్తే కూపేనే. అదే వెడ్జ్ ఆకారం, తలుపు వెనక అదే వెడల్పాటి స్తంభం, నునుపైన పక్కలు. గుండ్రని లైట్ల చోట మాత్రం చిన్న చిన్న చదరాల వరుసలు వచ్చాయి. దగ్గరికి వెళితే పోలిక సడలుతుంది. పోనీ పొడవు 4 మీటర్ల లోపే. ఎన్ విజన్ 74 పొడవు 4.95 మీటర్లు, వెడల్పు దాదాపు 2 మీటర్లు. అంత ఎదగడానికి కారణం లోపలుంది.

ఈ కారుకు శక్తి రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి 62.4 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. రెండోది హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే 85 కిలోవాట్ల ఫ్యూయెల్ సెల్. వెనక చక్రాలను తిప్పే రెండు మోటార్లు కలిసి 500 కిలోవాట్లకు పైగా, అంటే సుమారు 670 హార్స్‌పవర్ ఇస్తాయి. లెక్క చూడండి. మోటార్లు పూర్తి బలంతో ఆగకుండా లాగితే బ్యాటరీ ఒక్కటే ఏడున్నర నిమిషాలకు ఖాళీ. ఫ్యూయెల్ సెల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కారు 85 కిలోవాట్లకు మించి లాగలేదు. అందుకే రెంటినీ జత చేశారు. మన ఇళ్లలో బోరు సన్నగా వస్తున్నా రోజంతా ట్యాంకు నింపుతూ ఉంటుంది, పొద్దున అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పినా ట్యాంకు నీళ్లు ధారగా దూకుతాయి. ఇక్కడ ఫ్యూయెల్ సెల్ బోరు, బ్యాటరీ ట్యాంకు. మలుపు దాటి వేగం అందుకునేటప్పుడు బ్యాటరీ విరుచుకుపడుతుంది. తక్కిన సమయమంతా ఫ్యూయెల్ సెల్ దాన్ని నింపుతూ ఉంటుంది.

హైడ్రోజన్ 4.2 కిలోలు పడుతుంది. ఒక్కో కిలోలో సుమారు 33 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది, అందులో దాదాపు సగం కరెంటుగా మారుతుంది. అంటే ఆ 4.2 కిలోలు ఇంకో బ్యాటరీ ఉన్నంత పని చేస్తాయి. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. ఒకసారి నింపి, ఛార్జ్ చేస్తే 600 కిలోమీటర్లకు పైగా వెళుతుందని కంపెనీ చెబుతోంది. అయితే ఆ వాయువును అత్యధిక పీడనంలో పట్టి ఉంచే సిలిండర్ల బరువు వాయువు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, చోటూ ఎక్కువే కావాలి. పెరిగిన ఒంటికి అదొక కారణం.

ఇంకో కారణం వేడి. పెట్రోలు ఇంజిన్ పుట్టించే వేడిలో పెద్ద వాటా పొగగొట్టం దారిన పోతుంది. ఫ్యూయెల్ సెల్ పనిచేసేది సుమారు 80 డిగ్రీల దగ్గర, దాని నుంచి బయటికి పోయేది నీటి ఆవిరి. వేడిలో ఎక్కువ భాగం రేడియేటర్లే తోడాలి. బయటి గాలికీ లోపలి వేడికీ తేడా తక్కువ కాబట్టి రేడియేటర్లు పెద్దవి కావాలి. ఫ్యూయెల్ సెల్, బ్యాటరీ, మోటార్లు ఒక్కోటీ ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర సుఖపడతాయి. అందుకని మూడు వేర్వేరు శీతలీకరణ దారులు పెట్టారు. ఆ ఒంటి మీద కనిపించే గాలి గవాక్షాలు అందం కోసం పెట్టినవి కావు. జుజారో 1974లో గీసిన నునుపైన పక్కలు చెడకుండా అంత గాలిని లోపలికి తీసుకోవడమే ఈ కారు డిజైనర్లకు ఎదురైన అసలు పరీక్ష. నా మటుకు నాకు వాళ్లు నెగ్గారనే అనిపిస్తుంది.

వెనక ఇరుసులో డిఫరెన్షియల్ లేదు. మామూలు కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి రెండు చక్రాల వేగాల్లో తేడా రానిచ్చే ఆ పళ్ల చక్రాల పెట్టె కావాలి. ఇక్కడ చక్రానికో మోటారు. ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలో కంప్యూటర్ క్షణక్షణం నిర్ణయిస్తుంది. బయటి చక్రానికి కాస్త ఎక్కువ తోపు ఇస్తే కారు ముక్కు మలుపులోకి తిరుగుతుంది. బ్యాటరీ బరువు మోసే కారు చురుగ్గా తిరగడానికి ఇదొక మంచి దారి. ఇలాంటివి రోడ్డు మీద నేర్చుకోవడానికే హ్యుందాయ్ ఇంజినీర్లు ఈ కారును నడిచే ప్రయోగశాలగా వాడుకున్నారు. అక్కడ పరీక్షించిన విషయాలు 2023లో వచ్చిన ఐయానిక్ 5 ఎన్‌లోకి చేరాయి. ఐయానిక్ 5 రూపమూ పోనీ ఇంటిదే: 2019లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపిన 45 అనే కాన్సెప్ట్ కారు 1974 నాటి గీతల నుంచి వచ్చింది, 2021 నాటి ఐయానిక్ 5 దాని నుంచి వచ్చింది.

అంతా అయ్యాక అసలు కారు ఏదన్న ప్రశ్న మిగిలింది. 2022 నవంబరులో హ్యుందాయ్ జుజారోనే పిలిచి, పోయిన కూపేను మళ్లీ కట్టమంది. ఆయన కొడుకు ఫాబ్రిజియోతో కలిసి నడుపుతున్న సంస్థ ఆ పని చేపట్టింది. తాను యువకుడిగా గీసిన కారును 84 ఏళ్ల వయసులో అదే మనిషి తిరిగి నిలబెట్టడం కార్ల చరిత్రలో అరుదు. 2023 మే నెలలో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున దాన్ని ఆవిష్కరించారు. అక్కడికి వచ్చిన కంపెనీ అధిపతి యూయిసన్ చుంగ్, చుంగ్ జు-యంగ్ మనవడు.

ఎన్ విజన్ 74 ఇంకా షోరూముకు రాలేదు. రావాలని నాకు గట్టిగా ఉంది. కానీ దాని దారికి అడ్డం కారులో లేదు, బంకులో ఉంది. అంత ఎక్కువ పీడనంలో హైడ్రోజన్ నింపే బంకులు కొరియా, జపాన్, జర్మనీ, కాలిఫోర్నియా లాంటి కొద్ది చోట్ల తప్ప లేవు. ఉన్న చోట కూడా వాయువు ఖరీదు ఎక్కువే. 1981లో కూపేను చమురు ఆపింది. ఈసారి తేల్చాల్సింది హైడ్రోజన్ సరఫరా.