బ్యాంకి తాఖీదు వచ్చినపుడు

అమలాపురము చేరువను కొబ్బరి వర్తకము చేయు మా బావగారికి బ్యాంకినుండి తాఖీదు వచ్చినది. ఓవరుడ్రాఫ్టు, అనగా ఖాతాలో నిలువ లేకున్నను వాడుకొనిన సొమ్ము, వారములో చెల్లింపకున్న ఇల్లు వేలము వేయింతుమని అందలి బెదిరింపు. తాను కట్టిన మొత్తమొకటి లెక్కలో చేరలేదని ఆయన వాదము. అయినను పరువునకు వెఱచి, వారు పంపిన బాకీ యొప్పుదల కాగితముపై చేవ్రాలు చేయబోయెను. నేను వారించితిని.

ఏలయనగా, అయ్యలారా, ఇట్టి బాకీకి దావా గడువు సామాన్యముగా 3 ఏండ్లు. ఆ లోపల వ్రాతమూలముగా నొప్పుకొన్నచో గడువు మరల మొదటినుండి లెక్కకు వచ్చును. మఱియు తాఖీదు కోర్టు డిక్రీ కాదు. ఇల్లు తాకట్టులో నున్నచో మాట వేఱు. 2002 నాటి చట్టముచే కోర్టుకు పోకయే బ్యాంకి దానిని స్వాధీనపఱచుకొనవచ్చును. కాని ముందుగా 60 దినముల నోటీసు ఈయవలెను, మనము ఆ లోపలనే ఆక్షేపణ పంపవలెను. సాగుభూమికి ఆ చట్టము వర్తింపదు. బావగారి యిల్లు తాకట్టులో లేదు.

రిజిష్టరు తపాలలో ఖాతా నకలు కోరితిమి. 30 దినములలో జవాబు రాకున్న, రిజర్వుబ్యాంకి నియమించిన అంబుడ్స్‌మనునకు రుసుము లేకయే ఫిర్యాదు చేసికొనవచ్చును. మాకంతదూరము పోవలసిన పని లేకపోయినది. ఇరువది దినములకు నకలు వచ్చెను. బావగారి రసీదుతో సరిచూడగా, ఆ సొమ్ము వేఱొకరి ఖాతాలో జమయైయున్నది.