పాత ట్రాక్టర్‌ స్పీడు నిలవడం లేదా? పంపు దించే ముందు మూడు అంకెలు చూడండి

కాలవలకు నీళ్లు వదిలారంటే సామర్లకోట చుట్టుపక్కల ఊళ్లలో సార్వా దమ్ములు మొదలైనట్టే. ఇనుప చక్రాలు కట్టుకుని బురదలోకి దిగిన పాత ట్రాక్టర్ల జబ్బులు కూడా అప్పుడే బయటపడతాయి. హ్యాండ్ యాక్సిలరేటర్ పెట్టిన చోటే ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఒకసారి ఎగిసి ఒకసారి కుంగుతుంది. లేదంటే బరువు పడగానే చతికిలబడుతుంది. ‘గవర్నర్ పోయింది, డీజిల్ పంపు దించాలి’ అన్న మాట గట్టు మీదే తేలిపోతుంది. తప్పు నిజంగా గవర్నర్‌దేనా అన్నది మూడు కొలతలతో తేలుతుంది.

గవర్నర్ చేసే పని

యాక్సిలరేటర్ నేరుగా డీజిల్‌ను పెంచదు. గవర్నర్‌లోని స్ప్రింగును బిగిస్తుంది, అంతే. ఇంజిన్‌తో పాటు తిరిగే చిన్న బరువులు ఆ స్ప్రింగుకు ఎదురు తోస్తాయి. స్పీడు పెరిగితే బరువులు విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి, తగ్గితే స్ప్రింగు గెలిచి డీజిల్ పెంచుతుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చినదీ ఇదే సూత్రం.

ఇది ఎంత సన్నని పనో ఒక లెక్క చూడండి. మూడు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం మీద నిమిషానికి 3,000 సార్లు డీజిల్ చిమ్ముతుంది. గంటకు 6 లీటర్లు తాగుతుందనుకుంటే నిమిషానికి 100 మిల్లీలీటర్లు. అంటే ఒక్కో చిమ్ముకు 0.033 మిల్లీలీటరు, ఒక నీటి చుక్కలో మూడింట రెండు వంతులు. ఇంత కొద్ది డీజిల్ మధ్య గాలి బుడగ దూరితే స్పీడు ఊగక ఏం చేస్తుంది?

మూడు కొలతలు

పాత బండ్లలో మీటరు కేబుల్ తెగిపోయి ఉండటం మామూలే. ముందున్న క్రాంక్ పుల్లీకి మెరిసే స్టిక్కరు అంటించి, లేజర్ టాకోమీటర్‌తో చూడాలి. ఇంజిన్ ఆపాకే స్టిక్కరు అంటించండి. ఫ్యాన్ దగ్గరకు తువ్వాలుతో, వదులు లుంగీతో వెళ్లొద్దు. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ స్పీడు, బరువు లేకుండా గరిష్ఠ స్పీడు, పనిలో నిలిచే స్పీడు రాసుకోండి. వాటిని మీ బండి మాన్యువల్‌తో పోల్చండి.

ఉదాహరణకు ఐడిల్ 700, బరువు లేనప్పుడు 2,200, పూర్తి బరువు మీద 2,000 అనుకుందాం. తేడా 200, సగటు 2,100, అంటే 9.5 శాతం. బరువు పడ్డప్పుడు ఈమాత్రం తగ్గడం మెకానికల్ గవర్నర్‌కు సహజం. దాన్ని జబ్బుగా లెక్కపెట్టొద్దు.

అంకెలు చెప్పే సంగతి

బరువు లేకుండానే 1,900 దాటకపోతే ముందు యాక్సిలరేటర్‌ను పంపుకు కలిపే లింకేజీ చూడండి. ఒకరు యాక్సిలరేటర్‌ను పూర్తిగా లాగి పట్టుకుంటే, మరొకరు పంపు మీది లివరు స్టాప్ స్క్రూకు తగులుతోందో లేదో చూడాలి. తగలకపోతే రాడ్ వంగడమో, పిన్ను అరగడమో జరిగి ఉంటుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఉత్తప్పుడు 2,200 వచ్చి, దమ్ములో 1,500కు పడిపోతే పొగను చూడండి. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా గేరు ఎక్కువై బరువు మోయలేకపోతోంది. ఎయిర్ క్లీనర్ శుభ్రం చేసి, ఒక గేరు తగ్గించండి. పొగ లేకుండానే కుంగితే డీజిల్ అందడం లేదు. ఫిల్టరు, ఫీడ్ పంపు, ట్యాంకు మూత రంధ్రం వరుసగా చూడాలి.

ఐడిల్‌లో 600కూ 900కూ మధ్య ఊగితే డీజిల్ లైన్లో చేరిన గాలినో, పంపులో డీజిల్ పెంచి తగ్గించే ర్యాక్ బిగుసుకోవడాన్నో అనుమానించాలి. గవర్నర్ బరువుల తోపు స్పీడు వర్గాన్ని బట్టి మారుతుంది. 2,200 దగ్గరున్న తోపులో 700 దగ్గర ఉండేది సుమారు పదో వంతే. అందుకే చిన్న రాపిడైనా ముందు ఐడిల్‌లోనే బయటపడుతుంది.

గాలి తీయాలంటే ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ కాస్త వదులు చేసి, ఫీడ్ పంపు మీటను చేత్తో కొట్టండి. మొదట నురగ వస్తుంది. బుడగల్లేని ధార వచ్చాక, ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత పంపు స్క్రూ దగ్గరా ఇలాగే. మర్నాటికి మళ్లీ గాలి చేరితే రాగి వాషర్లు, పైపు జాయింట్లు మార్చండి. డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ వాడేవారు ఫిల్టరు గిన్నె అడుగున నీళ్లు చేరాయేమో చూసుకోవాలి.

స్పీడు అదుపు తప్పి పెరిగిపోతుంటే స్టాప్ నాబ్ లాగండి. అయినా ఆగలేదంటే ఇంజిన్ ఆయిల్‌నో, ఎయిర్ క్లీనర్‌లో ఎక్కువ పోసిన ఆయిల్‌నో పీల్చి నడుస్తూ ఉండొచ్చు. అప్పుడు గాలి దారిని చెక్కపలకతో మూయాలి. చెయ్యి అడ్డం పెట్టకూడదు.

సీలు జోలికి వెళ్లొద్దు

గరిష్ఠ స్పీడు స్క్రూకు తీగ కట్టి సీలు వేసేది ఎవరూ కదపకూడదనే. దాన్ని తిప్పితే చాలని డీజిల్ పెరగదు, ఇంజిన్ హద్దు దాటి తిరుగుతుంది. 1,500 మీద పీటీవో (యంత్రాలను తిప్పే వెనుక షాఫ్టు) 540 ఇచ్చే బండిని 1,800కు తీసుకెళ్తే పీటీవో 648 అవుతుంది. 540కి చేసిన నూర్పిడి యంత్రం ఆ వేగానికి ఆగదు.

లింకేజీ, గాలి, ఫిల్టర్లు, ఎయిర్ క్లీనర్ అన్నీ చూశాకా అంకెలు సరిపడకపోతే అప్పుడే పంపు దించి కాలిబ్రేషన్ షాపుకు పంపండి. వెంట ఆ మూడు అంకెలూ రాసిన కాగితం ఇవ్వండి. తిరిగి బిగించాక మళ్లీ కొలిచి, మాన్యువల్‌తో సరిపోలాకే డబ్బులు చెల్లించండి.