చదివినవాళ్లు ఒప్పుకుంటేనే: లినక్స్ ప్యాచ్ కథ

2024 సెప్టెంబరులో వియన్నాలో జరిగిన ఒక సదస్సులో థామస్ గ్లైక్స్‌నర్ అనే ఇంజనీరు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేతికి ఒక పొట్లం అందించాడు. పైన బంగారు రంగు కాగితం, దానికి ఊదా రంగు రిబ్బను. లోపల ఉన్నది మరేమీ కాదు, ‘మా కోడ్‌ను లినక్స్‌లో చేర్చుకోండి’ అని కోరే అభ్యర్థన, కాగితం మీద ప్రింటు తీసినది. మామూలుగా ఇలాంటివి ఈమెయిల్‌లో వెళ్లిపోతాయి. ఈ ఒక్కదానికి ఇరవై ఏళ్లు పట్టింది కాబట్టి ఆమాత్రం సంబరం చేసుకున్నారు.

రోబో చేతిని కదిలించేటప్పుడో, ధ్వనిని రికార్డు చేసేటప్పుడో ఇచ్చిన గడువు లోపలే కంప్యూటర్ స్పందించి తీరాలి. లినక్స్‌ను అలా తయారుచేయడానికి 2004 ప్రాంతంలో కొందరు పని మొదలుపెట్టారు. వాళ్లు రాసిన మార్పులు ఒక్కొక్కటే పరీక్షకు నిలబడి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి చేరాయి. ఆఖరున దారికి అడ్డం పడింది ఏమిటంటే, కెర్నల్ తన సందేశాలను లాగ్‌లో రాసుకునే ‘ప్రింట్‌కె’ అనే భాగం. చూడబోతే చిన్నది. కదిపితే ప్రతిచోటా తగులుతుంది.

ఇరవై ఏళ్లు ఆపిన పద్ధతిని తిట్టుకోవాలా, మెచ్చుకోవాలా? నేను మెచ్చుకునే పక్షం. ఎందుకో చెప్పాలంటే, ఇలా పంపే మార్పుకు పేరైన ‘ప్యాచ్’ పుట్టుపూర్వోత్తరాల్లోకి వెళ్లాలి.

1944 నాటి హార్వర్డ్ మార్క్ 1 యంత్రం చిల్లులు పొడిచిన కాగితం టేపును చదివి లెక్కలు చేసేది. తప్పు చిల్లు పడితే దానిమీద కాగితం ముక్క అంటించేవారు. అప్పట్లో ప్యాచ్ అంటే అచ్చంగా ఆ ముక్కే. ప్రోగ్రాములు టేపు నుంచి ఫైళ్లలోకి మారాక అంటించడానికి ఏమీ లేకుండా పోయింది. ఒకరు ఏం మార్చారో ఇంకొకరికి తెలియాలంటే రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుని కళ్లు కాయలు కాచేలా చూడటమే గతి.

ఆ బాధ తీర్చింది బెల్ ల్యాబ్స్‌లోని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్. 1974 నాటి అయిదో యూనిక్స్ ఎడిషన్‌తో ఆయన ‘డిఫ్’ బయటికొచ్చింది. జేమ్స్ హంట్‌తో కలిసి దాని పద్ధతిని 1976లో ఒక నివేదికగా రాశారు. రెండు ఫైళ్లలోనూ అదే క్రమంలో కనిపించే వరుసల్లో అన్నిటికన్నా పొడవైన సమూహాన్ని డిఫ్ ముందు పట్టుకుంటుంది. దానిలో ఇమడని వరుసలే తేడా. పాతదానిలో ఉండి కొత్తదానిలో లేనివి తీసేసినట్టు, కొత్తదానిలో మాత్రమే ఉన్నవి చేర్చినట్టు. ప్రెస్సులో ప్రూఫు దిద్దేవాడు పేజీ మొత్తం తిరగరాయడు, తప్పు పడ్డ చోట గుర్తు పెట్టి పంపుతాడు. డిఫ్ చేసేదీ అంతే, కాకపోతే ఆ గుర్తులు తనే వెతికి పెడుతుంది.

గుర్తులు పెట్టేది దొరికింది గానీ వాటిని చూసి దిద్దేవాడు ఇంకా మనిషే. ‘120వ వరుస తర్వాత ఇది చేర్చు’ అని రాస్తే, అవతలివాడు ఈలోగా పైన రెండు వరుసలు చేర్చి ఉంటే సవరణ తప్పుచోట పడేది. 1985 మేలో ల్యారీ వాల్ విడుదల చేసిన ‘ప్యాచ్’ అనే ప్రోగ్రాం ఈ చిక్కు విప్పింది. తర్వాత పెర్ల్ భాషను సృష్టించిందీ ఆయనే. ప్యాచ్ వరుస సంఖ్యను గుడ్డిగా నమ్మదు. మార్పుకు పైనా కిందా ఉన్న మారని వరుసలను ఆనవాలుగా పెట్టుకుని, చెప్పిన చోట కనిపించకపోతే కాస్త ముందుకూ వెనక్కూ వెతుకుతుంది. ఎక్కడా కుదరకపోతే ఆ ముక్కను తిరస్కరించి విడిగా ఒక ఫైలులో పెడుతుంది.

దీనివల్ల ఏమైంది? ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు, కొద్దికొద్దిగా తేడాలున్న ప్రతుల మీద పనిచేస్తూ కూడా మార్పులు ఇచ్చిపుచ్చుకోగలిగారు. 1991లో హెల్సింకీ విద్యార్థి టోర్వాల్డ్స్ తన చిన్న కెర్నల్‌ను లోకం ముందు పెట్టేసరికి ఈ పనిముట్టు సిద్ధంగా ఉంది. అప్పటికి ఆ కెర్నల్ పదివేల వరుసల కోడ్. 1994 మార్చిలో 1.0 వెర్షన్ వచ్చేసరికి లక్షా 76 వేలు. 2025 నాటికి నాలుగు కోట్లు. ఆండ్రాయిడ్ ఫోను పట్టుకున్న ప్రతివాడి జేబులోనూ ఆ కెర్నలే నడుస్తోంది.

అసలు ప్యాచ్ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. పైన ఒక వరుసలో శీర్షిక, అది ఏ విభాగానిదో, ఏం చేస్తుందో చెబుతుంది. రెండోసారో మూడోసారో పంపుతుంటే వీ2, వీ3 అన్న గుర్తు ఉంటుంది. వీ10 దాటినవీ అరుదేమీ కాదు. కింద వివరణ. ఏం మార్చారన్నది కోడ్‌లో ఎటూ కనిపిస్తుంది కాబట్టి, ఎందుకు మార్చారన్నదే ఇక్కడ రాయాలి. ఆ కింద సంతకం. తర్వాత మూడు అడ్డగీతలు. ఈ గీతల కింద రాసిన మాట కెర్నల్ చరిత్రలోకి ఎక్కదు. ‘కిందటిసారి మీరు చూపించిన తప్పు దిద్దాను’ లాంటివి అక్కడ రాసుకుంటారు. ఆపైన @@ -120,7 +120,8 @@ అని ఒక వరుస. పాత ఫైలులో 120 నుంచి ఏడు వరుసలు, కొత్తదానిలో అక్కడినుంచే ఎనిమిది అని అర్థం. దానికింద మైనస్ గుర్తుతో పోయే వరుసలు, ప్లస్ గుర్తుతో వచ్చే వరుసలు, గుర్తేమీ లేకుండా ఆనవాలు వరుసలు.

చదివేవాళ్లు ఈ వరుసల మధ్యలోనే తమ ప్రశ్నలు రాస్తారు. ఇక్కడ విఫలమైతే ముందు తీసుకున్న మెమరీని ఎవరు వదులుతారు? ఈ లాక్ పట్టుకుని ఉండగా నిద్రపోయే పని చేయొచ్చా? ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి, రెండు ప్యాచ్‌లు చేయండి. ఆఖరిది కొత్తవాళ్లకు చాదస్తంగా తోస్తుంది. రేపు ఏదైనా చెడినప్పుడు ఏ మార్పు వల్ల చెడిందో సగం సగం చేసుకుంటూ వెతుకుతారు. అప్పుడు దొరికిన ప్యాచ్‌లో ఒకే పని ఉంటే మూలం అక్కడే తెలుస్తుంది, అయిదు కలగలిసి ఉంటే వెతుకులాట మళ్లీ మొదలు. అన్నిటికీ మించిన నియమం ఇంకొకటి ఉంది. ఇప్పటిదాకా నడుస్తున్న ప్రోగ్రాం కొత్త కెర్నల్ వల్ల ఆగిపోకూడదు. ఈ నియమం తప్పిన ప్యాచ్ ఎంత అందమైనదైనా వెనక్కి తీసేస్తారు.

తొలి రోజుల్లో ప్యాచ్‌లన్నీ టోర్వాల్డ్స్ ఒక్కడికే వెళ్లేవి. నచ్చితే చేర్చేవాడు, లేకపోతే జవాబు కూడా ఉండేది కాదు. పంపినవాళ్లు మళ్లీ మళ్లీ పంపుతూ ఉండాల్సిందే. 1998 నాటికి ఇది గొడవదాకా వెళ్లింది. ఒక్క మనిషి ఇంత పని మోయలేడని అందరికీ, ఆయనకు కూడా, అర్థమైంది. క్రమంగా నెట్‌వర్క్‌కు ఒకరు, ఫైల్ సిస్టంకు ఒకరు, పరికరాలను నడిపే డ్రైవర్లలో ఒక్కో జాతికి ఒకరు చొప్పున మెయింటెయినర్లు ఏర్పడ్డారు. ఇప్పుడు ప్యాచ్ ముందు వాళ్ల దగ్గరికి పోతుంది. వాళ్లు ఒప్పుకున్నవి పోగుచేసి పైకి పంపుతారు. ప్రతి తొమ్మిది, పది వారాలకు ఒక కొత్త వెర్షన్. మొదటి రెండు వారాలే కొత్త సరుకుకు తలుపు తీసి ఉంటుంది, మిగతా కాలమంతా సవరణలకే. ఒక్కో వెర్షన్‌లో పదివేలకు పైగా మార్పులు, సుమారు రెండువేల మంది చేతులు.

2003 నవంబరులో జరిగింది చెబితే ఈ తంతు విలువ తెలుస్తుంది. అప్పట్లో కెర్నల్ అసలు ప్రతి మార్పుల చరిత్రను భద్రపరిచే బిట్‌కీపర్ అనే వ్యవస్థలో ఉండేది. అది వద్దనుకునేవాళ్ల కోసం పక్కన సీవీఎస్ అనే పాత వ్యవస్థలో ఒక నకలు ఉంచేవారు. ఎవరో ఆ నకలు ఉన్న సర్వర్‌లోకి చొరబడి ‘వెయిట్4’ అనే ఫంక్షన్‌లో రెండే వరుసలు చేర్చారు. పైకి చూస్తే అదొక తనిఖీ. ఫలానా ఆప్షన్లు వాడినవాడి యూజర్ నంబరు సున్నా అయితే పొరపాటు అని చెప్పు, అంతే. కానీ సీ భాషలో సమానమా అని అడగడానికి రెండు సమాన చిహ్నాలు (==) వాడాలి. అక్కడ ఉన్నది ఒక్కటే (=). ఒక్కటే ఉంటే అది ప్రశ్న కాదు, ఆజ్ఞ. ‘నీ నంబరు సున్నా అయిందా?’ అని అడగాల్సిన చోట ‘నీ నంబరు సున్నా చేశాను, పో’ అంటోంది. లినక్స్‌లో సున్నా నంబరు సర్వాధికారిది. ఆ రెండు ఆప్షన్లు తెలిసినవాడు ఎవడైనా యంత్రానికి యజమాని అయిపోతాడు.

ఎలా దొరికింది? నకలును అసలుతో పోల్చి చూసేటప్పుడు, ఈ మార్పుకు మాత్రం ఎవరు ఆమోదించారన్న జాడ లేదని బిట్‌కీపర్ యజమాని ల్యారీ మెక్‌వాయ్ గమనించాడు. మిగతావాళ్లు ఆ రెండు వరుసలూ చదివి గుట్టు బయటపెట్టారు. అసలు ప్రతిని అది తాకనే లేదు. చేసినవాడెవరో ఇప్పటికీ బయటపడలేదు.

అదే ఏడు ఎస్‌సీఓ అనే కంపెనీ, తన యూనిక్స్ కోడ్‌ను లినక్స్‌లోకి ఎత్తుకెళ్లారంటూ ఐబీఎం మీద దావా వేసింది. ఏ వరుస ఎవరి ద్వారా వచ్చిందో చూపించాల్సిన అవసరం పడింది. 2004 నుంచి ప్రతి ప్యాచ్ కిందా ‘సైన్డ్-ఆఫ్-బై’ అన్న వరుస తప్పనిసరి అయింది. ఇది ఇచ్చే హక్కు నాకుంది అని రాసినవారు, వారినుంచి నేను అందుకున్నాను అని మెయింటెయినరు, ఒకరి కింద ఒకరు పేర్లు పెడతారు. చదివినవారు ‘రివ్యూడ్-బై’ అని, తమ యంత్రం మీద నడిపి చూసినవారు ‘టెస్టెడ్-బై’ అని, తప్పు పట్టుకున్నవారికి గుర్తింపుగా ‘రిపోర్టెడ్-బై’ అని చేరుస్తారు. చూడటానికి దస్తావేజు మీద సాక్షి సంతకాలే.

2005 ఏప్రిల్‌లో బిట్‌కీపర్ ఉచిత వాడకం రద్దయింది. దాని సర్వర్‌తో ఎలా మాట్లాడాలో ఆండ్రూ ట్రిజెల్ అనే ప్రోగ్రామరు సొంతంగా కనిపెట్టడం కంపెనీకి నచ్చలేదు. టోర్వాల్డ్స్ ఆ నెల 3న కొత్త పనిముట్టు మొదలుపెట్టాడు, 7వ తేదీకల్లా అది తన కోడ్‌ను తానే భద్రపరుచుకునే స్థితికి వచ్చింది. అదే గిట్. ఇవాళ సాఫ్ట్‌వేర్ లోకమంతా వాడేది అదే కాబట్టి దాని గొప్పలు ఇక్కడ ఏకరువు పెట్టను.

వివరణ రాయించడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు 2016 అక్టోబరు చూపించాలి. డర్టీ కౌ అనే పేరుతో బయటపడిన లోపం వల్ల, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో మామూలు యూజర్ రాయగలిగేవాడు. దాన్ని దిద్దుతూ టోర్వాల్డ్స్ రాసిన వివరణలో, పదకొండేళ్ల కిందట తానే దీన్ని సరిగా కాకుండా దిద్దబోయానని, ఐబీఎం మెయిన్‌ఫ్రేములమీద ఇబ్బంది రావడంతో దాన్ని వెనక్కి తీశారని ఉంది. కెర్నల్ చరిత్రలో అది శాశ్వతంగా ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు.

ఇదంతా మర్యాదగా సాగిందని అనుకోవద్దు. టోర్వాల్డ్స్ తిట్లు చాలా ఏళ్లు లోకప్రసిద్ధం. ప్యాచ్‌ను తిట్టడం, మనిషిని తిట్టడం రెండూ వేరన్న సంగతి ఆయన చాలాసార్లు మరిచాడు. 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పి కొన్ని వారాలు తప్పుకున్నాడు. అప్పుడు తయారవుతున్న వెర్షన్‌ను మరో మెయింటెయినరు గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ముగించాడు. తిట్లు లేకపోతే నాణ్యత పడిపోతుందన్న వాదన అప్పట్లో గట్టిగానే వినిపించింది. ఆ తర్వాత కూడా కెర్నల్ ఎప్పటిలాగే వెర్షన్ తర్వాత వెర్షన్ వస్తూనే ఉంది కాబట్టి ఆ వాదనలో పసలేదని తేలినట్టే.

2021 ఏప్రిల్‌లో మరో రకం గొడవ. సమీక్షను మోసగించగలమా అని చూడటానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకుముందు ఏడాది నకిలీ పేర్లతో, కావాలనే లోపాలు పెట్టిన ప్యాచ్‌లు పంపారు. తెలిశాక క్రోహ్-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి ఏదీ తీసుకోబోమన్నాడు. అక్కడినుంచి పాత రోజుల్లో వచ్చిన వందకు పైగా మార్పులను మనుషులు కూర్చుని తిరిగి చదవాల్సొచ్చింది. నకిలీ ప్యాచ్‌లలో లోపం ఉన్నవేవీ కెర్నల్‌లోకి చేరలేదని విచారణలో తేలింది. పరిశోధకులు క్షమాపణ చెప్పి పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. నాకు కోపం తెప్పించేది మోసం కన్నా, ఎవరో ఒకరి శనివారాలు, ఆదివారాలు అడగకుండా ఖర్చు పెట్టేయడం.

అసలు కొరత అక్కడే ఉంది. రాసేవాళ్లకు లోటు లేదు, ఇప్పుడు ఏఐ కూడా రాసి పెడుతోంది. శ్రద్ధగా చదివేవాళ్లే దొరకరు. 2020 అక్టోబరులో ఒక పోటీ పెట్టి, ఓపెన్ సోర్స్ మార్పులు నాలుగు పంపితే టీషర్టు ఇస్తామంటే, లోకం నలుమూలల నుంచి ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో ఒక విశేషణం చేర్చిన మార్పులు వేలకొద్దీ వచ్చిపడ్డాయి. వాటిని చదివి పక్కన పడేయడానికి పట్టిన సమయం చదివినవాళ్లదే.

హైదరాబాద్‌లోని క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ కంపెనీల ఇంజనీర్లు చాలామంది ఇదే దారిలో తమ డ్రైవర్లను కెర్నల్‌లోకి పంపుతున్నారు. అక్కడికి చేరాలనుకునే బీటెక్ విద్యార్థులకు నాదొక మనవి. రెజ్యూమెలో చూపించుకోవడానికి కామా దిద్దిన ప్యాచ్ పంపకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై చిప్‌దో, టచ్‌ప్యాడ్‌దో డ్రైవర్ ఏదో కనుక్కోండి. దానికోసం ఇతరులు పంపిన ప్యాచ్‌లను కొన్ని నెలలు చదవండి, మీ యంత్రం మీద నడిపి చూడండి, పనిచేస్తే పనిచేసిందని, చెడితే ఎక్కడ చెడిందో ఒక ‘టెస్టెడ్-బై’ లేదా రెండు ముక్కల జవాబు రాయండి. ఆ జవాబు కోసం ఎదురుచూసే మెయింటెయినరు ఎక్కడో ఒకరు తప్పకుండా ఉంటారు.